స్టేట్‌మెంట్‌లో తెలియని బేకరీ

ప్రశ్న: మావారి ఖాతా స్టేట్‌మెంట్‌లో ఏదో బేకరీ పేరున 640 రూపాయలు పోయినట్టుంది. ఆ పేరే మేం వినలేదు. ఇది మోసమేనా?
- ఒక పాఠకురాలు, మరోదా, భిలాయ్

జవాబు: అప్పుడే కంగారు పడకండమ్మా. స్టేట్‌మెంట్‌లో పడేది దుకాణం బోర్డు మీది పేరే కానక్కర్లేదు, యజమాని బ్యాంకులో నమోదు చేయించుకున్న పేరు. బేకరీ, పక్కనున్న కిరాణా ఒకరివే అయితే రెండుచోట్లా ఒకే క్యూఆర్ కోడ్ ఉండొచ్చు. కార్డు చెల్లింపైతే తేదీ ఒకటి రెండు రోజులు వెనకబడి కూడా పడుతుంది. యూపీఐ అయితే 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఫోన్‌లోని చెల్లింపుల చరిత్రలో దాన్ని వెతికితే ఏ రోజు, ఏ గంటకో తెలుస్తుంది. పిల్లల్నీ అడగండి.

ఎవరూ కట్టలేదని తేలితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీది కాదు. పిన్, ఓటీపీ ఎవరికైనా చెప్పి ఉంటే ఈ రక్షణ వర్తించదు. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి.