“అర్థమైంది సార్” – ఈ మాటకు ఎన్ని అర్థాలు?



సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడమేనని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఆ పని ఒక్కరు చేసేది కాదు. ఒకే బృందంలో నలుగురు హైదరాబాదులో, ఇద్దరు అమెరికాలో, ఒకరు జర్మనీలో ఉండవచ్చు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ కూడా అక్కడ తన డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. అలాంటి కొలువుల్లో చేరేవారికి ప్రోగ్రామింగ్‌తోపాటు ఇతర దేశాలవారితో మాట్లాడే పద్ధతి కూడా నేర్పుతారు. ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. మన ఎర్రగుంట్ల జువారీ సిమెంటు ఇటలీవారి ఇటాల్‌సిమెంటి చేతిలో ఉండేది. 2016లో ఇటాల్‌సిమెంటినే జర్మనీ కంపెనీ హైడెల్‌బర్గ్ సిమెంట్ కొన్నది.

1. మౌనం మర్యాదేనా?

నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హోఫ్‌స్టెడ్ అనే పండితుడు అనేక దేశాల ఐబీఎం ఉద్యోగుల సమాధానాలు పరిశీలించి 1980లో పుస్తకం ప్రచురించాడు. పెద్ద, చిన్న అనే అంతరాన్ని ఏ దేశంవారు ఎంత సహజమని ఒప్పుకుంటారో అంకెల్లో చూపాడు. ఆ లెక్కలో భారతదేశానికి 77, అమెరికాకు 40. ఇవి సగటు లెక్కలే, ప్రతి మనిషికీ వర్తించవు.

అయినా మన సంగతి చూసుకుందాం. సార్ “అర్థమైందా?” అంటే అర్థం కాకపోయినా “ఆఁ సార్” అంటాం. మన తాతలు ఆసామి ముందు నోరు తెరిస్తే మరునాటి కూలి పోయేది. ఆ జంకు మనదాకా వచ్చింది. కానీ అమెరికా మేనేజరు ముందు నోరు తెరవకపోతేనే నష్టం. అడగలేదు కాబట్టి తెలిసిందనుకుంటాడు. వారం తర్వాత పని తప్పుగా వస్తే మాట పడేది మనమే.

2. చిన్న మాటలు, పెద్ద తేడాలు

* మనం “సరే” అంటే చాలాసార్లు “విన్నాను” అనే. అవతలివారికి అది “శుక్రవారానికి ఇస్తాను” అనే మాట.
* మనం తల అటూ ఇటూ ఊపితే ఔనని. కొత్తవారికి అది కాదన్నట్టు కనిపిస్తుంది.
* “ఐ హావ్ ఎ డౌట్” అంటే మనకు ప్రశ్న. వారికి నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. “ఐ హావ్ ఎ క్వశ్చన్” అనాలి.
* 04/07 అంటే మనకు జూలై 4, అమెరికావారికి ఏప్రిల్ 7. నెల పేరు అక్షరాల్లో రాయాలి.
* మనకు రాత్రి 8.30 అయితే న్యూయార్క్‌లో చలికాలం ఉదయం 10, వేసవిలో 11.

3. మనం చేయవలసిన సాధన

సాయంత్రం స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరుగా కూర్చుందాం. ఒకరు పని చెప్పాలి. రెండోవారు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి, కనీసం ఒక ప్రశ్న అడగాలి, చివరికి ఎవరు ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో రెండు వాక్యాల్లో రాయాలి. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. “కుదరదు” అనవలసివస్తే ముందురోజే, కారణంతో చెప్పడం కూడా సాధన చేయాలి.

యాస మార్చుకోనక్కరలేదు. నిదానంగా, స్పష్టంగా మాట్లాడితే చాలు. మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మనం. మనకు వెనక చెప్పేవారు లేరు. కాబట్టి అడిగి తెలుసుకోవడమే మన ఆస్తి. ఆ అలవాటు ఈ హాస్టల్ బెంచీ మీదనే మొదలుపెడదాం.