వయసుకు తగిన నడవడిక



"నీ వయసేమిటి, నీవు చేసే పనేమిటి?" ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్ళలో ఉండరు. పని దగ్గర "ఇంత ఎదిగావు, బాధ్యత లేదా?" అంటాం. ఏదైనా చెప్పబోతే "చిన్నవాడివి, నీకెందుకు?" అంటాం. మరి వయసుకు తగినట్లు నడవడమంటే ఏమిటి?

ఇటీవల ఆదివారం పూజ ముగిశాక ఒక తండ్రి తన 15 ఏళ్ళ కుమారుణ్ణి నా వద్దకు తీసుకువచ్చారు. "ఫాదర్ గారూ, వీడు పెద్దల మాటల్లో తల దూరుస్తున్నాడు. బుద్ధి చెప్పండి" అన్నారు. విషయమేమంటే, 16 ఏళ్ళ అక్కకు సంబంధం చూశారు. కుర్రవాడు బంధువుల ఎదుటే "అక్క చదువుకోవాలి" అని అరిచి, అన్నం కంచం తోసేసి వెళ్ళిపోయాడు.

నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు గుర్తుకువచ్చారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు 8 ఏళ్ళకే పెండ్లి చేశారు. అది ఆ వయసు మోయవలసిన బరువు కాదు. ఊహ తెలిశాక ఆమె ఆ బంధం నుండి తప్పుకున్నారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ జరిగిన ఖాదీ ప్రదర్శనలో ఆమె వాలంటీరు. అప్పటికి 14 ఏళ్ళు. టిక్కెట్టు లేనివారిని లోపలికి రానివ్వకూడదన్నది ఆమెకు అప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూ గారు టిక్కెట్టు లేకుండా వస్తే ఆపారు. టిక్కెట్టు కొన్న తరువాతే వెళ్ళనిచ్చారు. నెహ్రూ గారు కోపగించక మెచ్చుకున్నారు. ఆ బాలిక పెద్దరికం నటించలేదు, పెద్దలను ధిక్కరించనూ లేదు. ఒప్పజెప్పిన పని నిలబడి చేసింది.

లూకా సువార్త 2వ అధ్యాయంలో 12 ఏళ్ళ బాలయేసును చూడండి. దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని విన్నాడు, ప్రశ్నలు అడిగాడు. తరువాత తల్లిదండ్రుల వెంట నజరేతుకు వెళ్ళి వారికి విధేయుడై ఉన్నాడు. ప్రశ్న, విధేయత రెండూ ఆ వయసుకు తగినవే.

అందుకే ఆ కుర్రవాడితో "బాబూ, నీవు అడిగింది న్యాయం. అడిగిన తీరు పసితనం. కంచం తోసినందుకు అమ్మకు క్షమాపణ చెప్పు. అక్క కోసం అడిగినందుకు చెప్పనక్కరలేదు" అన్నాను. తండ్రితో "ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండాలన్నది చట్టం. అవి నిండకుండా గుడిలో పెండ్లి ప్రకటన నేను చదవను. అబ్బాయి వయసుకు మించి మాట్లాడాడంటున్నారు. అమ్మాయి నెత్తిన వయసుకు మించిన బరువు పెడుతున్నది మీరు కాదా?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ సంబంధం ఆగింది. అమ్మాయి కాలేజీకి వెళుతోంది.

యువతీ యువకులారా, మీ మాటకు విలువ కావాలంటే మీకు అప్పగించిన పనిని చివరికంటా చేయండి. తల్లిదండ్రులారా, ఈ వారం మీ బిడ్డకు ఒక పని పూర్తిగా అప్పగించండి. వారు చెప్పే ఒక మాట మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి.