అత్తమ్మ మోకాళ్లకు సరిపోయే కొండ

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు చల్లని కొండ ప్రాంతం చూపించమని పిల్లలు పట్టుబడుతున్నారు. ఊటీ వెళ్లేంత సెలవు, డబ్బు మాకు లేవు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. మా వారు అరకు అంటున్నారు, మరిది నల్లమల అంటున్నాడు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, నార్కట్‌పల్లి

జవాబు: నాలుగైదు రోజులు తీరిక ఉంటే అరకు, రెండు రోజులే అయితే నల్లమల. మీ ఇంటి పరిస్థితికి మీ మరిది మాటే సరైనదమ్మా. నల్గొండ, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కితే మన్ననూరు దగ్గర నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. పెద్దావిడకు నొప్పి ఎక్కువైతే అదే రోజు ఇంటికి తిరిగి రావచ్చు.

మల్లెలతీర్థం జలపాతం పేరు అందరూ చెబుతారు. వటవర్లపల్లి దగ్గర హైవే దిగి లోపలికి వెళ్లాక వందల మెట్లు లోయలోకి దిగాలి. దిగడం తేలికే, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్లు మొరాయిస్తాయి. అత్తమ్మను అక్కడికి తీసుకెళ్లకండి. అదే దారిలోని ఫరహాబాద్ అయితే అటవీశాఖ వాళ్ల వాహనంలోనే కొండ అంచు దాకా పోవచ్చు, సొంత బండ్లను రానివ్వరు. అంచున నిలబడితే కనుచూపు మేర అడవే. దుప్పులు కనబడొచ్చు గానీ, పులిని చూపిస్తామని పిల్లలకు మాట ఇవ్వకండి. సంక్రాంతికి రద్దీ ఉంటుంది కాబట్టి సఫారీ ముందే బుక్ చేసుకోండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు, చీకటి పడకముందే బయటపడేలా చూసుకోండి.

ప్రశ్న: అరకుకు రైల్లో వెళ్లాలని ఉంది. మా వైపు నుంచి ఎలా?
– ఒక పాఠకుడు, చిట్యాల

జవాబు: నల్గొండలో ఉదయం జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖలో దిగండి. ఆ రాత్రి అక్కడే ఉండి తెల్లారి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు అందుకోండి. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి దిగీ దిగగానే కిరండూల్ రైలు ఎక్కొచ్చని కొందరు లెక్కలు వేస్తారు. మొదటి బండి ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసింది ఈ కిరండూల్ లైను. దారిలో 50కి పైగా సొరంగాలు. పిల్లలు కిటికీ వదలరు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు అనంతగిరి కాఫీ తోటల మీదుగా ఘాట్ రోడ్డు పెట్టుకోండి. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు, ఊటీ 2,200 పైమాటే. మే నెలలో ఊటీ చలిని ఆశించి వెళ్తే నిరాశ తప్పదు. డిసెంబరు, జనవరుల్లో మాత్రం స్వెటర్లు మరవకండి.

ప్రశ్న: శ్రీశైలం దారిలో కోతులకు అరటిపండ్లు పెట్టడం పుణ్యమే కదా?
– ఒక పాఠకురాలు, నకిరేకల్

జవాబు: వద్దమ్మా. తిండి కోసం రోడ్డు మీదికి రావడానికి అలవాటు పడ్డ కోతులు బండ్ల కింద నలిగిపోతున్నాయి. అడవిలో వాటి తిండి వాటికుంది. మీ పండ్లు, నీళ్ల సీసాలు, కవర్లు ఇంటికే తిరిగి తీసుకెళ్లండి. దారిలో చెంచుల గూడేలు (పెంటలు) కనబడితే అడగకుండా ఫొటోలు తీయకండి.