అవే అక్షరాలు, వేరే మాటలు

ఈ నెల గోడపత్రికలో ఇంగ్లీషు అక్షరాల గూర్చి ఒక వింత సంగతి వ్రాయదలచాను. దయచేసి చేతిలో పెన్సిలు, ఒక చిత్తు కాగితం పట్టుకుని చదవండి. ఊరికే చదివితే సగమే తెలుస్తుంది.

ముందుగా మన హాస్టల్ అనే మాటను ఇంగ్లీషులో వ్రాయండి. హెచ్, ఓ, ఎస్, టి, ఇ, ఎల్. మొత్తం 6 అక్షరాలు. మధ్యలో ఉన్న ఎస్‌ను లేపి చివర కూర్చోబెట్టండి. హెచ్, ఓ, టి, ఇ, ఎల్, ఎస్. హోటల్స్ అయ్యింది! కొత్త అక్షరం ఒక్కటీ రాలేదు, ఉన్నది ఒక్కటీ పోలేదు. (మెస్‌లో సాంబారు మాత్రం మారదు. అది వేరే సంగతి.)

ఇట్లా ఒక మాటలోని అక్షరాలను తారుమారు చేసి ఇంకో మాట తయారుచేస్తే దానిని ఎనగ్రామ్ అంటారు. ఉన్న అక్షరాలన్నీ వాడాలి. ఏ అక్షరం ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లే వాడాలి. బయటి నుంచి అప్పు తేకూడదు. మాటకీ మాటకీ మధ్య ఉండే ఖాళీలు లెక్కలోకి రావు.

చిన్న మాటలతో ఇది తేలిక. లిజన్ అంటే వినడం, అవే 6 అక్షరాలతో సైలెంట్. కాని మాట పొడుగయ్యేకొద్దీ జత దొరకడం కష్టం. 12 అక్షరాలుంటే 12కీ చోటు చూపించాలి కదా! అందుకే పెద్ద మాటను రెండు మూడు చిన్న మాటలుగా విడగొడతారు. అట్లా విడగొట్టినప్పుడు అర్థం కూడా కలిసిందనుకోండి, అప్పుడు అసలు మజా.

స్కూల్‌మాస్టర్ అని వ్రాయండి. ఎస్, సి, హెచ్, ఓ, ఓ, ఎల్, ఎం, ఏ, ఎస్, టి, ఇ, ఆర్. 12 అక్షరాలు. దాని కింద ది క్లాస్‌రూమ్ అని వ్రాయండి. ఇప్పుడు ప్రేయర్ దగ్గర హాజరు వేసినట్టు వేద్దాం. ముందు "ది" లోని టి, హెచ్, ఇ లను పిలవండి. ముగ్గురూ స్కూల్‌మాస్టర్‌లో ఉన్నారు, కొట్టేయండి. తర్వాత క్లాస్ లోని సి, ఎల్, ఏ, ఎస్, ఎస్. ఎస్‌లు ఇద్దరు కావాలి, ఇద్దరూ ఉన్నారు, కొట్టేయండి. ఇక పైన మిగిలినవి ఓ, ఓ, ఎం, ఆర్. కింద మిగిలింది రూమ్. సరిపోయింది! మాస్టారు ఎక్కడుంటే అక్కడే తరగతి గది అని అక్షరాలే చెబుతున్నాయి.

డార్మిటరీ అంటే మనం పడుకునే పెద్ద గది. 9 అక్షరాలు. వాటినే మార్చి వ్రాస్తే డర్టీ రూమ్ వస్తుంది. వార్డెన్ గారు మన్నించాలి, ఇది నేనన్న మాట కాదు, అక్షరాలన్న మాట. అయినా ట్రంకు పెట్టెల వెనకాల ఎవరు ఊడుస్తున్నారో అందరికీ తెలుసు.

పనిష్‌మెంట్ అనే మాటలో 10 అక్షరాలు. అవే 10తో నైన్ థంప్స్ వస్తుంది. థంప్ అంటే గుద్దు. శిక్ష అంటే తొమ్మిది గుద్దులన్నమాట! 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం నిషేధం. కనుక ఆ తొమ్మిదీ కాగితం మీదే ఉండాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది లెక్కలది. ఎలెవెన్ ప్లస్ టూ ఎంత? 13. ట్వెల్వ్ ప్లస్ వన్ ఎంత? అదీ 13. రెంటినీ అక్షరాలలో వ్రాసి హాజరు వేయండి. పైన ఉన్న అక్షరాలే కింద ఉన్నాయి. ఎన్ని అని లెక్కపెడితే అవి కూడా 13! దీనిని ఎవరూ కావాలని తయారుచేయలేదు. భాషలో ఊరికే పడి ఉంది.

ఇంకొకటి కూడా లెక్కలదే. ఏ డెసిమల్ పాయింట్, అంటే దశాంశ బిందువు. దీనిలోని 13 అక్షరాలతో "ఐయామ్ ఏ డాట్ ఇన్ ప్లేస్" అని వస్తుంది. (ఐయామ్‌ను కుదించి ఐ, ఎం అని రెండే అక్షరాలు వేసుకోవాలి.) "నేను నా స్థానంలో ఉన్న చుక్కను" అని అర్థం. 25లో ఆ చుక్క వచ్చి తన చోట కూర్చుంటే 2.5 అవుతుంది కదా.

మన తెలుగులో ఇట్లాంటివి లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. తల – లత, పలక – కలప. కాని తెలుగులో పెద్ద మాటలకు ఇది కుదరడం కష్టం. ఎందుకంటే మన గుడి, కొమ్ము, ఏత్వం అన్నీ హల్లును అంటిపెట్టుకునే ఉంటాయి. "కి" అంటే కి, అందులోంచి గుడి ఒక్కదాన్నీ ఊడదీసి ఇంకో అక్షరానికి తగిలిస్తే ఒప్పుకోరు. ఇంగ్లీషులో అచ్చులు కూడా విడిగా బెంచీ మీద కూర్చుంటాయి. ఎటైనా జరపవచ్చు.

ఇదంతా ఎందుకు వ్రాస్తున్నానంటే, మనలో చాలామందికి ఇంట్లో మాట్లాడేది ఒక భాష. కోయ కావచ్చు, సవర కావచ్చు, లంబాడీ కావచ్చు. బడికి వచ్చాక తెలుగు, దానిపైన ఇంగ్లీషు. పొడుగు ఇంగ్లీషు మాట కనబడితే మన కళ్ళు దాన్ని దాటి పక్క మాట మీదికి పోతాయి. మా గదిలో 6వ తరగతి తమ్ముడు ఒకడు ఇంగ్లీషు పీరియడ్‌లో నోరు విప్పడు, ఎవరైనా నవ్వుతారని. వాడికి స్కూల్‌మాస్టర్ జత ఇచ్చి అక్షరాలు కొట్టేయమన్నాను. నాకన్నా ముందే పూర్తిచేశాడు. ఈ ఆటకు ఉచ్చారణతో పనిలేదు. టీవీలో ఇంగ్లీషు వినే పట్నం పిల్లలకైనా, కొండ మీది వాళ్ళకైనా అక్షరాలు 12 అంటే 12. మర్నాడు డిక్టేషన్‌లో వాడు ఆ మాటలో రెండు ఓలు, రెండు ఎస్‌లు తప్పకుండా వేశాడు. తనే పేరుపేరునా పిలిచాడు కాబట్టి.

పరీక్షకు పనికొచ్చే జత ఇంకొకటి ఉంది. కన్వర్సేషన్ అంటే సంభాషణ, కన్సర్వేషన్ అంటే అడవులు, నీళ్ళు వంటి వాటిని కాపాడుకోవడం. రెంటికీ 12 అక్షరాలు, రెంటిలోనూ అవే అక్షరాలు. వి, ఎస్ ఒకరి చోట ఒకరు కూర్చున్నారు, అంతే. తెలుగులో వ్రాసినా వ, స లు చోటు మార్చుకున్నట్టు కనబడుతుంది చూడండి.

ఇది ఆట మాత్రమే అనుకోకండి, శాస్త్రజ్ఞులు కూడా వాడారు. బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి కణానికి "సెల్" అని పేరు పెట్టిన రాబర్ట్ హుక్ గురించి మనం చదివాం కదా. ఆ పుస్తకం 1665 నాటిది. ఆయనే స్ప్రింగు నియమాన్ని కూడా కనిపెట్టాడు. స్ప్రింగు గడియారం నేను ముందంటే నేను ముందని 1675లో హైగెన్స్ అనే శాస్త్రజ్ఞుడితో ఆయనకు పెద్ద తగవు అయ్యింది. అందుకని 1676లో తన కొత్త సంగతిని ఒక పుస్తకం చివర లాటిన్ వాక్యంగా కాక, విడి అక్షరాలుగా అచ్చువేశాడు. సి, ఇ, మూడు ఐలు, ఎన్, ఓ, మూడు ఎస్‌లు, రెండు టిలు, చివరన యు, వి. ఎవరికీ అర్థం కాదు. కాని రేపు ఇంకొకరు "నేనే ముందు" అంటే చూపించడానికి సాక్ష్యం ఉంటుంది! 1678లో తనే విప్పి చెప్పాడు, "ఉట్ టెన్సియో సిక్ విస్" అని. సాగుదల ఎంతో బలమూ అంత అని భావం.

ఎవరైనా మధ్యలో విప్పేస్తేనో అనుకుంటారేమో. యు, వి లను ఆ కాలపు లాటిన్‌లో ఒకే అక్షరంగా లెక్కించేవారు. అట్లా లెక్కేసినా ఈ 14 అక్షరాలను 60 కోట్ల 54 లక్షల పైచిలుకు రకాలుగా పేర్చవచ్చు. సెకనుకు ఒకటి చొప్పున, నిద్ర లేకుండా రాత్రింబవళ్ళు వ్రాసినా 19 సంవత్సరాలు పడుతుంది.

ఇక మీకు మూడు లెక్కలు. ఒకటి, స్టడీ అనే మాటలోని 5 అక్షరాలతో, మన పుస్తకాలు వేసవి సెలవుల తర్వాత ఎట్లా ఉంటాయో చెప్పే మాట. రెండు, ఎర్త్ అంటే భూమి, అవే అక్షరాలతో మన ఛాతీలో ఉండేది. మూడు, పెద్దవాళ్ళకు: ది మోర్స్ కోడ్, 12 అక్షరాలు, వాటితో మూడు మాటలు రావాలి. చివరి మాటకు "చుక్కలు" అని అర్థం.

జవాబులు వచ్చే సంచికలో. ముందే దొరికినవాళ్ళు చీటీ మీద వ్రాసి ఈ కాగితం కింద గుండుసూదితో గుచ్చండి. గోడ మీద మాత్రం వ్రాయకండి, సున్నం వేసి నెల కూడా కాలేదు.