చుక్క చేసిన చేటు

తాళపత్రాలకు నకళ్లు రాసే కాలంలో లేఖకుడు ఒక సున్నను విడిచినా, చేర్చినా పాఠమే మారిపోయేది. పరిష్కర్తలు అనేక ప్రతులను పోల్చి గాని సరైన రూపాన్ని నిర్ణయించేవారు కారు. 2024లో కంప్యూటర్ లోకంలోనూ ఒక చుక్క ఇటువంటి పనే చేసింది. అయితే అది లేఖకుని ప్రమాదం కాదు.

ఒకే ప్రోగ్రాము లినక్స్, విండోస్, మాక్ వంటి భిన్న వ్యవస్థలపై నడవాలంటే, ఏ యంత్రంలో ఏ సౌకర్యాలున్నవో నిర్మాణానికి ముందే తెలియాలి. 1976లో బెల్ లాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన 'మేక్' ఏ ఫైలును ఎప్పుడు తిరిగి నిర్మించాలో మాత్రమే చూసేది. 1991లో మొదలైన 'ఆటోకాన్ఫ్', ఆ తరువాత వచ్చిన 'సీమేక్' యంత్రాన్నే ప్రశ్నించి, తగిన ఐచ్ఛికాలను ఎంచసాగాయి. ఆ ప్రశ్నించే తీరు విచిత్రమైనది. ఉపకరణం నాలుగైదు పంక్తుల చిన్న ప్రోగ్రామును కంపైలరుకు అందిస్తుంది. అది కంపైల్ అయితే సౌకర్యం ఉన్నట్లు, కాకపోతే లేనట్లు. యంత్రం పేరును బట్టి ఊహించడం కన్నా ఇది ఎంతో నమ్మదగిన పద్ధతి. లోపమల్లా ఒక్కటే. ప్రశ్నపత్రంలోనే తప్పుంటే? అప్పుడూ 'లేదు' అనే జవాబే వస్తుంది. ఎవరికీ అనుమానం కలగదు.

'ఎక్స్‌జెడ్' ఫైళ్లను కుదించే ప్రోగ్రాము. లినక్స్‌లోని 'ల్యాండ్‌లాక్' అనే రక్షణ, ప్రోగ్రాము తనకు అక్కరలేని ఫైళ్ల జోలికి పోకుండా కట్టడి చేస్తుంది. రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి ఎక్స్‌జెడ్ నిర్వహణలో విశ్వాసం చూరగొన్న ఒక వ్యక్తి, 2024 ఫిబ్రవరిలో సీమేక్‌కు చెందిన ల్యాండ్‌లాక్ పరీక్షలో, ఒక పంక్తిలో ఒంటరిగా ఒక చుక్కను చేర్చాడు. అది సీ భాషా వ్యాకరణానికి విరుద్ధం. కనుక ఏ యంత్రం మీదనైనా పరీక్ష విఫలమై తీరుతుంది. సీమేక్‌తో నిర్మించినవారికి రక్షణ లేని ప్రోగ్రామే నిశ్శబ్దంగా తయారవుతుంది.

అదే వ్యక్తి 5.6.0, 5.6.1 విడుదలలలో ఇంతకన్న ఘోరమైన దొడ్డిదారిని దాచాడు. దానిని తెరిచే పంక్తులు అందరూ చూసే భాండాగారంలో లేవు. విడుదల కట్టలోని ఆటోకాన్ఫ్ సంబంధిత ఫైలులో మాత్రమే ఉన్నాయి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి అర సెకను ఎక్కువ పట్టడం గమనించి, ఆ జాప్యానికి మూలం వెదకుతూ పోయి, మార్చి 29న గుట్టు వెల్లడించారు. మరునాడు ఎక్స్‌జెడ్ తొలి నిర్వాహకుడు లాసే కాలిన్ ఆ చుక్కను చెరిపివేశారు.