ఫోటోకు అందని సేవ: మహమ్మారి కాలం నేర్పిన కౌన్సెలింగ్ పాఠాలు



ఇలాంటి వార్షిక సంచికల్లో బియ్యం సంచులు, దుప్పట్లు, కుట్టుమిషన్లు, స్కాలర్‌షిప్ చెక్కుల ఫోటోలు తప్పక ఉంటాయి. మీరిచ్చిన సొమ్ము ఎక్కడికి చేరిందో అవి కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి. అయితే ఫోటో తీయకూడని సేవ ఒకటుంది. సాయం పొందిన మనిషి పేరు, ఊరు, ముఖం ఎవరికీ తెలియకపోతేనే అది సక్రమంగా జరిగినట్టు. అదే కౌన్సెలింగ్. ఈ సేవ ఎలా నడవాలో, దానికి ఏం కావాలో కోవిడ్ మహమ్మారి గట్టిగానే నేర్పింది. ఆ పాఠాలను దాతల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నం తర్వాత అవసరం

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లకు మొదట కావలసింది అన్నం. సేవా సంస్థలన్నీ ముందు ఆ పనికే పూనుకున్నాయి. కానీ పొయ్యి వెలిగిన ఇంట్లో కూడా దిగులు చల్లారలేదు. పని పోయిన భర్త మౌనం, ఆ మౌనం కోపంగా మారితే భరించే భార్య, గల్ఫ్‌లో చిక్కుకున్న కొడుకు కోసం ఎదురుచూసే తల్లి, తరావీహ్ నమాజు సైతం ఇంట్లోనే చదువుకున్న రంజాన్. దీనికి తోడు, వ్యాధిని ఒక సముదాయానికి అంటగట్టిన ప్రచారం వల్ల కొందరు పరీక్షకు వెళ్లడానికే జంకారు.

దిగులుకు సాయం కోరడం ఈమాన్ లోపమని మనలో చాలామంది అనుకుంటారు. షామ్ ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ దగ్గరే ఆగి, సహచరులతో సంప్రదించి, మదీనాకు తిరిగి వెళ్లారు. జాగ్రత్త పడటం తఖ్‌దీర్‌ను కాదనడం కాదని ఆ సంఘటన చెబుతుంది. శరీరానికి వర్తించే ఈ నియమం మనసుకూ వర్తిస్తుంది.

వినడం కూడా నేర్చుకోవలసిన పనే

ఓదార్చడం అందరికీ వచ్చనుకుంటాం. ఫోను దగ్గర కూర్చుంటే గానీ అది ఎంత కష్టమో తెలియదు. అవతలి వ్యక్తి రెండు మాటలు చెప్పగానే మన నోట సలహా వచ్చేస్తుంది. సబర్ మంచిదే. కానీ ఏడుస్తున్న మనిషితో మొదటి నిమిషంలోనే “సబర్ చేయండి” అంటే, ఇక మాట్లాడొద్దు అన్నట్టే వినిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడు మెట్లున్నాయి. ముందు పరిస్థితిని చూడాలి, తర్వాత వినాలి, ఆపై తగిన సాయానికి చేర్చాలి. స్వచ్ఛంద కార్యకర్త పని అంతవరకే. జబ్బు పేరు చెప్పడం, మందులు సూచించడం అతని పని కాదు.

భాష సంగతి కూడా చూసుకోవాలి. మన రాష్ట్రాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి, తెలుగే మాతృభాషగా ఉన్న ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. దుఃఖం ఇంటి భాషలోనే బయటికొస్తుంది. అందుకే రెండు భాషలూ తెలిసినవారు, మహిళలతో మాట్లాడేందుకు మహిళలు తప్పనిసరి.

చెప్పిన మాట అమానత్

లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ రెండు గదుల్లో ఉన్నారు. ఫోను ఒక్కటే, వినే చెవులు ఆరు. అలాంటి ఇంటినుంచి ఒక సోదరి ఫోను చేసిందనుకుందాం. “మీ సమస్య ఏమిటి?” అని అడిగితే ఆమె చెప్పలేదు. “ఇప్పుడు మాట్లాడటానికి వీలుగా ఉందా?” అన్నదే మొదటి ప్రశ్న కావాలి. వీలు లేకుంటే అవును, కాదు అన్న జవాబులతో సరిపోయే ప్రశ్నలు అడగాలి. మధ్యలో ఎవరైనా వస్తే రేషన్ గురించి మాట్లాడుతున్నట్టు మార్చుకోవడానికి ముందే ఒక మాట అనుకోవాలి. ఆమె ఒప్పుకోకుండా మనం తిరిగి ఫోను చేయకూడదు, మెసేజ్ పంపకూడదు. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు కదా!

ప్రాణాపాయం ఉంటే తప్ప, విన్నది బయటకు పోకూడదు. ఈ మినహాయింపును కూడా మొదట్లోనే చెప్పాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను మానసిక రోగుల హక్కుగా గుర్తించింది. చట్టం సంగతి అలా ఉంచినా, నమ్మి చెప్పిన మాట అమానత్. “ఫలానా వీధిలో ఒకావిడ” అంటూ మొదలుపెట్టినా అమానత్‌లో ఖియానత్ జరిగినట్టే.

జనాజా లేని దుఃఖం

మృతదేహాల విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు దేహాన్ని కడగడాన్ని, తాకడాన్ని నిషేధించాయి. ముఖం చూడటానికి, తాకనవసరం లేని ప్రార్థనలకు అనుమతి ఉంది. అయినా గుసుల్ ఇవ్వలేకపోయామని, జనాజాకు నలుగురూ రాలేదని కుమిలిపోయిన కుటుంబాలు ఎన్నో.

ఇలాంటి దుఃఖంలో ఆలిమ్, కౌన్సెలర్ ఇద్దరూ కావాలి. ప్లేగుతో మరణించిన విశ్వాసికి షహీద్ హోదా ఉందన్న దైవప్రవక్త (సఅసం) బోధన, అశక్తతలో బాధ్యత సడలుతుందన్న ధర్మసూత్రం ఆలిమ్ చెబితే గుండె బరువు దిగుతుంది. కానీ అంతకుముందు, ఆ కొడుకు తండ్రి గురించి చెప్పుకునేది చివరిదాకా వినేవారుండాలి. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఇంటిపట్టునే ఉండే వితంతువుకు ఫోను ద్వారా అందే ఓదార్పు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మన చేయి దాటినప్పుడు

కొన్ని ఫోన్లు ఓదార్పుతో ఆగవు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మృదువుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ క్షణంలో అది పాపమని ఉపన్యాసం మొదలుపెడితే అవతలివారు ఫోను పెట్టేస్తారు. మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లో నమ్మకస్తుణ్ణి పక్కన ఉంచి, వైద్యసాయానికి చేర్చాలి. పోలీసు కేసు భయంతో దాచే కుటుంబాలకు ఒక సంగతి చెప్పాలి. పై చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, మహిళలకు 181, పిల్లలకు 1098. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులోనూ పలుకుతుంది. ఈ నంబర్లు ప్రతి కార్యకర్త బల్ల మీద ఉండాలి.

ఈ సొమ్ము దేనికి?

రోజంతా చావు కబుర్లు విన్న కార్యకర్తకు రాత్రి నిద్ర పట్టదు. అతని ఇంట్లోనూ రోగులు ఉండవచ్చు. కాబట్టి వంతులవారీగా పని, వారానికొకసారి అనుభవజ్ఞుడైన నిపుణుడి దగ్గర మనసు విప్పుకునే అవకాశం, విశ్రాంతి ఉండాలి. ఫోను బిల్లు ఖర్చు చిన్నది. శిక్షణకు, నిపుణుడి జీతానికి అయ్యే ఖర్చే పెద్దది. దాతలకు కనిపించనిదీ అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. జకాత్ సొమ్ము అర్హుడి చేతికి అతని సొంతంగా చేరాలన్నది హనఫీ ఫిఖహ్ నియమం. కనుక కౌన్సెలర్ జీతానికి సదఖా, ఇతర విరాళాలు వాడుకోవడం మేలు. పేద రోగికి మందుల కోసం జకాత్ నేరుగా ఇవ్వవచ్చు. సందేహం ఉంటే ఉలమాలను అడగండి.

మరి సొమ్ము సద్వినియోగమైందని దాతకు ఎలా తెలియాలి? పేర్లు లేకుండా ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఏ తరహా సమస్యలు, ఎందరిని వైద్యానికి పంపారు, ఎందరికి శిక్షణ ఇచ్చారు అని అడగండి. సంస్థ జవాబివ్వాలి. కానీ ఫోటో అడగవద్దు, కన్నీటి కథ అడగవద్దు.

చివరిగా ఒక్క మాట. వరద వచ్చిన రోజు ఈత నేర్చుకోలేం. వినే మనుషులను మహమ్మారి వచ్చాక వెతికితే దొరకరు. మామూలు రోజుల్లోనే వారిని తయారుచేసి నిలుపుకోవాలి. పేరు తెలియని ఆ సోదరి ఫోను చేసిన రాత్రి, అవతల ఎవరో ఒకరు ఎత్తేలా చూడగలిగింది మీరే. మీ గుప్తదానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక! ఆమీన్.