గడియారం చూసి పక్క మార్చాలి

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలయింది. అంతకు ముందు అక్కడ ఎక్కువగా రాళ్లగుట్టలే ఉండేవి. ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అంతా అద్దాల మేడలు. పక్కనే ఇరవై, ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు.

ఆ అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్లు కూడా ఉంటారు. పిల్లలు ఆఫీసుకు పోతారు. కొందరి పిల్లలు అమెరికాలో ఉంటారు. మరి మంచం పట్టిన ముసలివాళ్లను ఎవరు చూసుకుంటున్నారు?

చాలా ఇళ్లలో మన అక్కలే చూసుకుంటున్నారు. వాళ్లు బతుకుదెరువు కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అంజయ్య నగర్, సిద్ధిఖ్ నగర్ లాంటి బస్తీల్లో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటారు. కొందరు పగటి డ్యూటీ చేస్తారు. కొందరు రాత్రి డ్యూటీ చేస్తారు. ఒళ్లు తుడుస్తారు. బట్టలు మారుస్తారు. అన్నం తినిపిస్తారు.

ఇది చిన్న పని కాదు. దీని మీద నర్సులు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఏం చేస్తే ముసలివాళ్లకు మేలో లెక్కలు కట్టి తేల్చారు. ఆ సంగతులు ఈ పాఠంలో చదువుదాం.

పుండు ఎందుకు వస్తుంది?

ఒక ఇంట్లో మంచం పట్టిన మామ్మగారు ఉన్నారు అనుకుందాం. ఆమెను చూసుకునే అక్క ఉంది. వారానికి ఒకసారి నర్సు వచ్చి చూస్తుంది. వాళ్ల మాటలు చదవండి.

అక్క: సిస్టర్, మామ్మగారికి నడుము కింద కమిలినట్టు నల్లగా అయింది. మంచం పట్టాక పుండ్లు రాక మానవని అందరూ అంటున్నారు. వయసు అలాంటిది కదా!

నర్సు: వయసు ఒక్కటే కాదక్కా. అసలు కారణం బరువు. నీళ్ల బిందె చంకన పెట్టుకుని దూరం నడిస్తే ఏమవుతుంది?

అక్క: చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

నర్సు: అప్పుడు ఏం చేస్తారు?

అక్క: బిందెను ఇంకో పక్కకు మార్చుకుంటాను.

నర్సు: అంతే. మనం నిద్రలో కూడా అటూ ఇటూ దొర్లుతాం. మామ్మగారు దొర్లలేరు. ఒకే పక్కన పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది. అక్కడికి రక్తం అందదు. చర్మం చస్తుంది. అదే పడక పుండు.

అక్క: నేను రోజూ స్పిరిట్ రాసి గట్టిగా రుద్దుతున్నాను సిస్టర్.

నర్సు: రుద్దొద్దు అక్కా. కమిలిన చోట రుద్దితే లోపల ఇంకా దెబ్బ తింటుంది. అక్కడి బరువు తీసెయ్యాలి. అదే అసలు మందు.

నర్సులు చేసిన పరిశోధన

ఈ మాట నర్సు సొంతంగా చెప్పింది కాదు. ఇంగ్లండులో డొరీన్ నార్టన్ అనే నర్సు ఉండేది. ఆసుపత్రుల్లో మంచం పట్టిన ముసలివాళ్లను ఆమె, ఆమె తోటివాళ్లు కలిసి గమనించారు. ఆ రోజుల్లో పుండ్లు రాకుండా ఎన్నో రకాల పూతలు రాసేవారు. నార్టన్ బృందం లెక్కలు రాసి పెట్టింది. వేళకు పక్క మార్చి బరువు తీయడమే అన్నిటికన్నా ముఖ్యమని తేల్చింది. 1962లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. పక్క మార్చడానికి డబ్బు అక్కర్లేదు. మనిషి కావాలి, గడియారం కావాలి.

ఎన్ని గంటలకు ఒకసారి మార్చాలి? మామూలుగా 2 గంటలకు ఒకసారి అని చెబుతారు. దీన్ని కూడా నర్సులు పరీక్షించి చూశారు. నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే నర్సు, ఆమె బృందం అమెరికా, కెనడా దేశాల్లో 27 నర్సింగ్ హోమ్‌లలో 942 మందిని గమనించారు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులు, ఆపరేషన్లు అక్కడ జరుగుతాయి. ఆ దేశాల్లో నర్సింగ్ హోమ్ అంటే ముసలివాళ్లు ఉండే చోటు. అక్కడ రోజంతా చూసుకునే మనుషులు ఉంటారు.

ఆ పరిశోధన ఫలితం 2013లో వచ్చింది. ఒత్తయిన మంచి ఫోమ్ పరుపు మీద కొందరిని 2 గంటలకు, కొందరిని 3 గంటలకు, కొందరిని 4 గంటలకు ఒకసారి తిప్పారు. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ అందరికీ పరుపు మంచిది. తిప్పిన ప్రతిసారీ కాగితం మీద రాశారు. మామూలు దూది పరుపు మీద ఇది పనికి రాదు. అందుకని నర్సు గాని, డాక్టరు గాని చెప్పేదాకా మనం 2 గంటల లెక్కనే పట్టుకుందాం. గాలి పరుపు వేసినా పక్క మార్చడం మానకూడదు.

పక్క ఎలా మార్చాలి?

1. మనిషిని ఈడ్వకూడదు. ఈడిస్తే చర్మం రాసుకుపోతుంది. నడుము కింద మడత దుప్పటి వేయండి. ఇద్దరు చెరో పక్క పట్టుకుని ఎత్తి జరపండి.

2. పూర్తిగా తుంటి ఎముక మీద పడుకోబెట్టకండి. వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచండి.

3. మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. పిక్కల కింద దిండు పెట్టండి. మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉండాలి.

4. నడుము కింద గుండ్రటి ట్యూబు పెట్టొద్దు. దాని అంచు చర్మాన్ని నొక్కుతుంది.

5. పక్క తడిగా ఉంటే వెంటనే మార్చండి. తడి చర్మం తొందరగా చిట్లుతుంది.

6. తిప్పినప్పుడల్లా చర్మం చూడండి. నడుము కింద, తుంటి, మడమ, మోచెయ్యి, తల వెనక చూడండి.

తెల్లటి ఒంటి మీద ఎరుపు తొందరగా కనబడుతుంది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు. అందుకని చేత్తో తాకి చూడాలి. ఒక చోట వేడిగా ఉందా? గట్టిగా ఉందా? చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా ఉందా? నొప్పి అంటున్నారా? ఇలా ఉంటే ఆ పక్క పడుకోబెట్టొద్దు. నర్సుకు చెప్పండి.

కాగితం ఎందుకు?

అక్క: సిస్టర్, పగలంతా నేను తిప్పుతాను. రాత్రి 8 గంటలకు ఇంకొక ఆమె వస్తుంది. నేను చివర ఏ పక్క పడుకోబెట్టానో ఆమెకు ఎలా తెలుస్తుంది?

నర్సు: రాసి పెట్టండి. ఆమె చదువుకుంటుంది.

అక్క: పుండు వస్తే ఇంటివాళ్లు నన్నే తిడతారు. నేను తిప్పానంటే నమ్మరు.

నర్సు: అందుకే రాయాలి. కాగితం మీకూ సాక్ష్యం, మామ్మగారికీ కాపలా. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి అడిగినా చదివి చెప్పొచ్చు. కానీ తిప్పకుండా తిప్పినట్టు రాయొద్దు. ఆ రాత మామ్మగారి ఒంటి మీద పుండై బయట పడుతుంది.

మామ్మగారికి నడుము కింద కమిలింది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టడం లేదు. అక్క రాసిన కాగితం చూడండి.

ఉదయం 8 – ఎడమ పక్క – నడుము కింద నలుపు
ఉదయం 10 – కుడి పక్క – నలుపు అలాగే ఉంది
పగలు 12 – ఎడమ పక్క – మడమలు బాగున్నాయి
పగలు 2 – కుడి పక్క – పక్క తడి, మార్చాను
సాయంత్రం 4 – ఎడమ పక్క – బాగుంది
సాయంత్రం 6 – కుడి పక్క – నడుము కింద వేడి లేదు

పెద్ద చదువు లేదు. పెద్ద మాటలు లేవు. నాలుగు మాటలు, ఒక అంకె. అవి రాయడం వచ్చిన మనిషి ఒక ముసలామెను పుండు నుంచి కాపాడుతోంది.

నొప్పికి కూడా గడియారమే

కొందరికి నయం కాని జబ్బు ఉంటుంది. క్యాన్సర్ ముదిరి ఉంటుంది. అప్పుడు బంధువులు ‘ఇంక చేసేదేం లేదు’ అంటారు. ఆ మాట నిజం కాదు. జబ్బు తగ్గకపోయినా నొప్పి తగ్గించవచ్చు. ఆయాసం, వాంతులు తగ్గించవచ్చు. దీన్ని ఉపశమన సేవ అంటారు. ఇంగ్లీషులో పాలియేటివ్ కేర్ అంటారు.

ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సు. తరవాత చదివి డాక్టరు అయింది. నొప్పి మళ్లీ వచ్చేదాకా ఆగి మందు ఇవ్వడం తప్పు అని ఆమె చెప్పింది. నొప్పి తిరిగి రాకముందే, వేళకు మందు ఇవ్వాలంది. 1967లో లండన్‌లో ఆమె సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పిస్ తెరిచింది. హాస్పిస్ అంటే నయం కాని జబ్బు ఉన్నవాళ్లను చివరిదాకా బాధ లేకుండా చూసుకునే చోటు.

మన దగ్గర కూడా అలాంటి చోట్లు ఉన్నాయి. ఐటీ ఆఫీసులకు దగ్గరలో, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. ఇది 2011లో బంజారాహిల్స్‌లో మొదలయింది. రోగుల దగ్గర డబ్బు తీసుకోరు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా నొప్పి తగ్గించే విభాగం ఉంది.

పెద్ద నొప్పికి మార్ఫిన్ అనే మందు ఇస్తారు. అది గట్టి మందు. డాక్టరు రాస్తేనే ఇవ్వాలి. రాసిన మోతాదునే, రాసిన వేళకే ఇవ్వాలి. ఇచ్చిన వేళ కాగితం మీద రాయాలి. లేకపోతే రాత్రి వచ్చిన ఆమె తెలియక రెండోసారి ఇవ్వవచ్చు. అది ప్రాణం మీదికి వస్తుంది.

ముసలివాళ్లను ఎవరైనా కొడుతున్నా, తిండి పెట్టకపోయినా, వదిలేసినా 14567కు ఫోన్ చేయండి. ఈ సేవ 2017లో హైదరాబాదులో మొదలయింది. 2021లో దేశమంతటికీ వచ్చింది.

లెక్క చేయండి

పుండు వచ్చే ప్రమాదం ఎవరికి ఎక్కువో తెలుసుకోవడానికి నార్టన్ 5 ప్రశ్నలు తయారు చేసింది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 4 మార్కులు. బాగుంటే 4, ఏమీ బాగా లేకపోతే 1. మొత్తం 20. కూడిక 14 గాని, అంతకన్నా తక్కువ గాని వస్తే ప్రమాదం ఉంది.

మామ్మగారి మార్కులు ఇవి:
ఒంటి ఆరోగ్యం – 3
మనసు తెలివి – 4
నడక – 1
మంచంలో కదలిక – 2
ఒంటికి, రెంటికి పట్టు – 2
మొత్తం ఎంత? మామ్మగారికి ప్రమాదం ఉందా, లేదా?

రోజుకు 24 గంటలు. 2 గంటలకు ఒకసారి పక్క మారిస్తే రోజుకు ఎన్నిసార్లు?

రాయండి

అక్క కాగితంలో చివరి వరస సాయంత్రం 6 గంటలది. రాత్రి 8 గంటలకు ఏ పక్క పడుకోబెట్టాలి? ఆ వరస మీరు రాయండి. రేపు ఉదయం 6 గంటల దాకా పూర్తి చేయండి.

చర్చించండి

1. మీ ఇంట్లో, మీ బస్తీలో మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లను రాత్రి ఎవరు తిప్పుతున్నారు?

2. రాత్రంతా 2 గంటలకు ఒకసారి లేవడం ఒక్క మనిషి వల్ల అవుతుందా? ఇంట్లో ఎవరెవరు పని పంచుకోవచ్చు? మగవాళ్లు ఏ వేళ పంచుకుంటారు?

3. పరాయి ఇంటి పెద్దవాళ్లను పగలంతా చూసుకుని వచ్చిన అక్కకు, తన ఇంట్లో ఉన్న అత్తను చూసుకునే ఓపిక ఎక్కడిది? ఆమెకు ఎవరు సాయం చేయాలి?